ఆరా తీసే పిల్లలను పెంచుదాం

వానాకాలంలో రాత్రి తొమ్మిది దాటాక తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులోకి ఒక కాగితం ఫొటో వస్తుంది. భారీ వర్షాల దృష్ట్యా రేపు జిల్లాలోని అన్ని పాఠశాలలకూ సెలవు అని, కింద కలెక్టర్ సంతకం, ముద్ర. క్షణాల్లో అది అపార్ట్‌మెంట్ గ్రూపుకీ, బంధువుల గ్రూపుకీ వెళ్ళిపోతుంది. పిల్లలు ఎగిరి గంతేసి హోంవర్కు పక్కన పడేస్తారు. తెల్లారి చూస్తే బడి మామూలుగానే ఉంటుంది. ఆ కాగితం పోయినేడాదిది, లేదంటే పక్క జిల్లాది.

దీనివల్ల ఒక పూట హడావుడి తప్ప పెద్ద నష్టమేమీ లేదు. అందుకే పిల్లలకు వార్తను పరీక్షించడం నేర్పడానికి ఇంతకంటే మంచి అవకాశం దొరకదు. ఈసారి అలాంటి కాగితం వచ్చినప్పుడు బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని ఫొటోను పెద్దది చేసి చూడండి. తేదీ ఏముంది? ఏ జిల్లా? సంతకం కింద ఉన్న పేరు ఇప్పుడున్న కలెక్టర్‌దేనా? తేదీ దగ్గర అక్షరాలు మిగతా వరుసల్లాగే ఉన్నాయా, ఎవరో దిద్దినట్టు తేడాగా ఉన్నాయా? తర్వాత జిల్లా కలెక్టర్ అధికారిక ఖాతా తెరవండి. అక్కడ ఏమీ లేకపోతే క్లాస్ టీచర్‌కు ఒక మెసేజ్ పెట్టండి. అంతా కలిపి ఐదు నిమిషాల పని. నిజమని తేలితే హాయిగా సెలవు చేసుకోనివ్వండి. కాదని తేలితే ఆ మాట గ్రూపులో మర్యాదగా రాయండి. ఎలా తేలినా మీ బిడ్డకు ఒక పాఠం అందుతుంది: విన్నదాన్ని నమ్మే ముందు, నలుగురికీ పంపే ముందు ఆరా తీయాలి.

తల్లిదండ్రులకు నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క అలవాటు గురించే. ఫోన్ వాడడం పిల్లలకు మనం నేర్పక్కర్లేదు, వాళ్ళే మనకు నేర్పుతున్నారు. ఫోన్‌లో, టీవీలో, పత్రికలో కనిపించేదాన్ని నమ్మొచ్చో లేదో తేల్చుకోవడం మాత్రం ఇంట్లోనే అలవడాలి. దీన్నే మీడియా అక్షరాస్యత అంటున్నారు. ప్రజాస్వామ్యంలో బతికే మనిషికి చదవడం, రాయడం ఎంత అవసరమో ఇదీ అంత అవసరం.

ప్రేమతో పంపిన అబద్ధం

2018 వేసవిలో తెలుగు పల్లెల్లో ఒక వదంతి పాకింది. పార్థీ గ్యాంగ్ దిగిందట, పిల్లల్ని ఎత్తుకుపోతోందట. మే నెలలో హైదరాబాద్ పాతబస్తీలో ఆ అనుమానంతోనే జనం ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను కొట్టి చంపారు. జులైలో హైదరాబాద్‌కే చెందిన ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరు స్నేహితులతో కలిసి కర్ణాటకలోని బీదర్ జిల్లాకు వెళ్ళాడు. దారిలో వాళ్ళు బడిపిల్లలకు చాక్లెట్లు పంచారు. ఊళ్ళోవాళ్ళకు అనుమానం వచ్చింది. వాళ్ళ కారు వీడియో, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళన్న మాట వాట్సాప్‌లో ముందు ఊళ్ళకు చేరిపోయాయి. ముర్కి అనే ఊళ్ళో దారి కాసి కారును ఆపారు. ఆ యువకుడి ప్రాణం అక్కడే పోయింది.

ఆ రోజుల్లో దేశమంతా తిరిగిన వీడియోల్లో ఒకదాని సంగతి పిల్లలకు తప్పకుండా చెప్పాలి. బైక్ మీద వచ్చిన ఇద్దరు వీధిలో ఆడుకుంటున్న పిల్లాణ్ణి ఎత్తుకుపోతున్నట్టు అందులో ఉంటుంది. అది మన దేశంలో జరిగింది కాదు, నిజంగా జరిగిందీ కాదు. పాకిస్తాన్‌లోని కరాచీలో పిల్లల భద్రత కోసం ఒక స్వచ్ఛంద సంస్థ తీయించిన ప్రచార చిత్రం. అసలు వీడియో చివర్లో ఆ బండివాళ్ళే పిల్లాణ్ణి వెనక్కి తెచ్చి దింపి, కరాచీ వీధుల్లో పిల్లల్ని ఎత్తుకుపోవడానికి ఒక్క క్షణం చాలునని రాసిన అట్టను చూపిస్తారు. ఎవరో ఆ చివరి ముక్క కత్తిరించారు. తల్లిదండ్రుల్ని జాగ్రత్తపడమని చెప్పే వీడియో కాస్తా అమాయకుల మీదికి జనాన్ని ఉసిగొల్పే వీడియో అయింది.

దాన్ని పంపినవాళ్ళలో చాలామంది దుర్మార్గులు కారు. మనలాంటి అమ్మానాన్నలే. పిల్లలకు ఏమవుతుందోనన్న భయంతో, సాటి తల్లులను హెచ్చరిద్దామన్న మంచి ఉద్దేశంతో పంపారు. కాబట్టి ఇంట్లో మొదట చెప్పుకోవలసిన సంగతి ఇది: మంచి మనసు ఒక్కటే చాలదు. మనసు గట్టిగా కదిలినప్పుడే ఎక్కువ జాగ్రత్త కావాలి.

పరిశోధకులు కూడా ఇదే చూశారు. 2006 నుంచి 2017 వరకు ట్విట్టర్‌లో తిరిగిన సుమారు 1,26,000 కథనాలను అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు పరిశీలించి, 2018 మార్చిలో ‘సైన్స్’ పత్రికలో ఫలితాలు ప్రచురించారు. నిజం కంటే అబద్ధాన్ని జనం మళ్ళీ పంచుకునే అవకాశం 70 శాతం ఎక్కువని తేలింది. అందుకు ముఖ్య కారణం కంప్యూటర్ బాట్‌లు కాదు, మనుషులే. కొత్తగా ఉన్నదాన్ని, ఆశ్చర్యం, ఏవగింపు కలిగించేదాన్ని మనం వెంటనే పంచుకుంటాం.

అదే 2018లో జోగులాంబ గద్వాల జిల్లాలో జరిగినది కూడా పిల్లలకు చెప్పండి. ఎండాకాలంలో ఆరుబయట పడుకునే జనం చీకటి పడగానే ఇళ్ళలోకి వెళ్ళి తలుపులు వేసుకుంటున్నారని అక్కడి పోలీసులు గమనించారు. కారణం అడిగితే ఫోన్లలోని వీడియోలు బయటపడ్డాయి. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి ఊరూరికీ కానిస్టేబుళ్ళను పంపారు. వాళ్ళు ఊరివాళ్ళతో కూర్చుని ఆ వీడియోలు ఎక్కడివో వివరించారు, ఊరి వాట్సాప్ గ్రూపుల్లో చేరారు. డప్పు కళాకారులు, పాటగాళ్ళు వదంతులను నమ్మవద్దని వీధుల్లో పాడారు. ఆ వదంతి వల్ల ఆ జిల్లాలో ఒక్క ప్రాణం కూడా పోలేదు. ఊళ్ళో ఒక పోలీసు చేయగలిగిన పనిని ఇంట్లో అమ్మానాన్నలు మరింత తేలిగ్గా చేయగలరు.

ఐదేళ్ళలో ఓటరు

ఇవాళ ఎనిమిదో తరగతిలో ఉన్న మీ అమ్మాయి ఐదేళ్ళు తిరిగేసరికి ఓటరు అవుతుంది. 61వ రాజ్యాంగ సవరణతో 1989లో ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గింది. చట్టం ఓటు ఇస్తుంది. ఆ ఓటును ఏ సమాచారం మీద ఆధారపడి వేయాలో తేల్చుకునే శక్తిని ఇవ్వవలసింది మనం.

చదువు ప్రజాస్వామ్యాన్ని ఎలా కదిలించగలదో తెలుగువాళ్ళకు ఒకరు చెప్పక్కర్లేదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో ‘అక్షర దీపం’ పేరుతో వయోజన విద్యా కార్యక్రమం నడిచింది. దాని వాచకంలో ‘సీతమ్మ కథ’ అనే పాఠం ఉండేది. భర్తల తాగుడుతో విసిగిన ఆడవాళ్ళు ఒకటై ఊళ్ళో సారా దుకాణం మూయించడం ఆ కథ. ఆ జిల్లాలోని దూబగుంట ఊరి మహిళలు ఆ పాఠం చదివి ఊరుకోలేదు. ఇది మన ఊరి కథే కదా, మన ఊళ్ళో దుకాణం ఎందుకు నడుస్తోంది, దానివల్ల లాభం ఎవరికి అని అడిగారు. రోశమ్మ వంటివాళ్ళు ముందు నిలిచారు. దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993లో ప్రభుత్వం సారాను నిషేధించేదాకా వెళ్ళింది. అప్పుడప్పుడే అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్ళు చదివినదాన్ని తమ బతుకుతో పోల్చి చూసి ప్రశ్న వేశారు. మీడియా అక్షరాస్యతకు ఇంతకు మించిన ఉదాహరణ మనం బయట వెతుక్కోనక్కర్లేదు.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన సంగతి ఒకటి చూడండి. 2023 నవంబరులో నటి రష్మిక మందన్న ముఖాన్ని వేరొకరి శరీరానికి అతికించిన డీప్‌ఫేక్ వీడియో దేశమంతా తిరిగింది. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు ఆ కేసులో అరెస్టు చేసింది గుంటూరు జిల్లాకు చెందిన ఒక యువ ఇంజినీరును. ఫాలోవర్లను పెంచుకోవడానికే చేశాడని పోలీసులు చెప్పారు. పెద్ద చదువు, చేతిలో నైపుణ్యం రెండూ ఉండి, తాను చేసే పని ఇంకొక మనిషిని ఏం చేస్తుందన్న ఆలోచన లేకపోతే ఇలాగే అవుతుంది. కాబట్టి మన పిల్లలు మోసపోకుండా చూసుకోవడంతోనే మన పని అయిపోదు. తోటి విద్యార్థి ఫొటో మార్చి నవ్వుకోవడం నేరం కావచ్చని, ఒకరి పరువు తీసే పని అని టెన్త్‌కు రాకముందే వాళ్ళకు స్పష్టంగా తెలియాలి.

ఆదివారం పూట ఒక గంట

ఇవన్నీ ఉపన్యాసంలా చెబితే పిల్లలు వినరు. కలిసి చేస్తే వింటారు. ఆదివారం పొద్దున టిఫిన్లయ్యాక ఒక గంట కేటాయించండి.

మొదటిది, రెండు పత్రికలు పక్కపక్కన పెట్టుకోవడం. మన దగ్గర ఏ పత్రిక ఎటు మొగ్గుతుందో, ఏ ఛానల్ ఎవరికి దగ్గరో పెద్దలందరికీ తెలుసు. చాలా ఇళ్ళలో ఒకే పత్రిక వస్తుంది, ఒకే ఛానల్ మోగుతుంది. పిల్లలు దాన్నే లోకమనుకుంటారు. రాష్ట్ర బడ్జెట్ మర్నాడు ఒకదానికొకటి పడని రెండు పత్రికలు తెప్పించండి. శీర్షిక ఎలా పెట్టారు? ఎవరి ఫొటో పెద్దగా వేశారు? ఒకదాంట్లో మొదటి పేజీలో ఉన్న సంగతి ఇంకొకదాంట్లో ఎక్కడుంది, అసలు ఉందా? తర్వాత ప్రభుత్వ ఆర్థిక శాఖ వెబ్‌సైట్‌లో బడ్జెట్ ప్రసంగం తెరిచి విద్యకు ఎంత కేటాయించారో చూడండి. అంకె ఒకటే, కథనాలు రెండు. అది కళ్ళారా చూసిన పిల్లలు ఇక ఏ శీర్షికనూ మునుపటిలా చదవరు.

డబ్బు తీసుకుని వార్తలా వేసే రాతలు కూడా ఉంటాయని ఈ సందర్భంలోనే చెప్పండి. 2009 ఎన్నికల్లో బయటపడిన చెల్లింపు వార్తల మీద ప్రెస్ కౌన్సిల్ ఒక ఉపసంఘంతో విచారణ జరిపించింది. ఆ ఉపసంఘంలో పరంజయ్ గుహా ఠాకుర్తాతో పాటు మన తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాస్ రెడ్డి ఉన్నారు. వాళ్ళు 2010లో వివరమైన నివేదిక ఇచ్చారు. పత్రికా రంగం తప్పులను పాత్రికేయులే బయటపెట్టారన్నది కూడా పిల్లలకు తెలియవలసిన విషయమే.

రెండోది, ఫొటో పుట్టుపూర్వోత్తరాలు వెతకడం. ఏదో వరద ఫొటో వచ్చిందనుకోండి. గూగుల్ లెన్స్‌లో పెడితే అది అంతకుముందు ఎక్కడెక్కడ కనిపించిందో వస్తుంది. నిన్నటి విజయవాడ వరద అన్న ఫొటో ఎన్నో ఏళ్ళ కిందటి మరో ఊరి ఫొటో అని తేలవచ్చు. పేరున్న పత్రిక క్లిప్పింగులా కనిపించే నకిలీలు ఎన్నికల రోజుల్లో మన రాష్ట్రాల్లో చాలా తిరుగుతాయి. అదే తేదీ ఈ-పేపర్ తెరిచి ఆ వార్త ఉందో లేదో చూడడం పదేళ్ళ పిల్లలు కూడా చేయగలరు. వాట్సాప్‌లో రెండు బాణాల గుర్తు కనిపిస్తే ఆ సందేశం చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. అలాంటిదాన్ని ఒకసారికి ఒక్క గ్రూపుకో, మనిషికో మాత్రమే పంపేలా ఆ కంపెనీయే 2020లో పరిమితి పెట్టింది.

మూడోది, పేజీ వదిలి బయటికి వెళ్ళి చూడడం. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ 10 మంది చరిత్రకారులకు, 25 మంది విద్యార్థులకు, వార్తల నిజానిజాలు తేల్చడమే వృత్తిగా ఉన్న 10 మందికి కొన్ని వెబ్‌సైట్లు చూపించారు. చరిత్రకారులు, విద్యార్థులు అదే పేజీని పైనుంచి కిందికి శ్రద్ధగా చదివి చాలాసార్లు మోసపోయారు. నిజనిర్ధారణ చేసేవాళ్ళు వెంటనే ఆ పేజీ వదిలి, ఆ సంస్థ గురించి ఇతరులు ఏమంటున్నారో వెతికి, త్వరగా సరైన నిర్ణయానికి వచ్చారు. మనం పెళ్ళి సంబంధం వస్తే చేసే పని కూడా ఇదే. వాళ్ళు తమ గురించి చెప్పుకున్నదాంతో తృప్తిపడం, ఆ ఊళ్ళో నలుగురినీ వాకబు చేస్తాం. తెలుగులో ఇలాంటి పరిశీలన చేసే సంస్థలు కూడా ఉన్నాయి. ఫ్యాక్ట్‌లీ, న్యూస్‌మీటర్ హైదరాబాద్ నుంచే పనిచేస్తున్నాయి. కేంద్ర ప్రభుత్వానికి సంబంధించిన వార్తల మీద ప్రెస్ ఇన్ఫర్మేషన్ బ్యూరో నడిపే పీఐబీ ఫ్యాక్ట్ చెక్ 2019 నుంచి ఉంది. అయితే అది ప్రభుత్వం తన గురించి తాను చెప్పేది కాబట్టి ఇంకొక చోట కూడా చూడడం మంచిదని పిల్లలకు చెప్పండి.

నాలుగోది, ఎవరు డబ్బు ఇస్తున్నారని అడగడం. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారంటూ హైదరాబాద్‌లో పలువురు యూట్యూబర్లు, ఇన్‌ఫ్లుయెన్సర్లు, సినీనటుల మీద పోలీసులు కేసులు పెట్టారు. పిల్లలు రోజూ చూసే ముఖాలు, ‘అన్నా’ అని పిలుచుకునేవాళ్ళు అందులో ఉన్నారు. మనకు నచ్చిన మనిషి చెప్పినంత మాత్రాన అది సలహా అయిపోదని, వెనక ప్రకటన సొమ్ము ఉండొచ్చని ఆ సంఘటన చెబుతోంది. వీడియోలో ‘పెయిడ్ పార్ట్‌నర్‌షిప్’ వంటి మాట ఎక్కడుందో వెతకమని వాళ్ళకే పని పెట్టండి.

ఐదోది, రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టి చూడడం. మీ యూట్యూబ్, మీ అబ్బాయి యూట్యూబ్ ఒకేసారి తెరవండి. మీకు ఒక పార్టీ వీడియోలు, అబ్బాయికి క్రికెట్టు, ఆటలు వరుసగా వస్తుంటాయి. చూసినదాన్ని బట్టే ఫోన్ మళ్ళీ చూపిస్తుందని, అందుకే అందరూ మనలాగే అనుకుంటున్నారన్న భ్రమ కలుగుతుందని అప్పుడు చెప్పండి. ఒక్క చూపులో అర్థమవుతుంది.

అన్నీ అబద్ధాలే అనుకుంటే

ఇక్కడ ఒక హెచ్చరిక. నకిలీల గురించి అదేపనిగా చెబితే, కొందరు పిల్లలు ఎవరినీ నమ్మొద్దు, అందరూ దొంగలే అన్న చోటికి చేరుకుంటారు. అది తెలివిగా కనిపిస్తుంది కానీ ప్రజాస్వామ్యానికి చాలా చేటు. ఎవరినీ నమ్మనివాడు కష్టపడి నిజం రాసిన విలేకరినీ, డబ్బు తీసుకుని అబద్ధం రాసినవాడినీ ఒకే గాటన కడతాడు. చివరికి తనకు నచ్చిన మాటనే నమ్ముకుంటాడు. అబద్ధం చెప్పేవాడికి కావలసింది కూడా అదే.

అందుకే నమ్మదగినవి ఎక్కడుంటాయో కూడా చూపించాలి. ఎన్నికల్లో పోటీ చేసే ప్రతి అభ్యర్థీ తన మీదున్న క్రిమినల్ కేసులు, ఆస్తులు, చదువు వివరాలతో ఫారం 26 అఫిడవిట్ ఇవ్వాలి. 2002, 2003 సంవత్సరాల్లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుల వల్ల ఓటరుకు ఈ హక్కు దక్కింది. ఆ అఫిడవిట్లు ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. ఎన్నికల సమయంలో ఇంట్లో ఒక అభ్యర్థి గురించి వాదన వచ్చినప్పుడు, పిల్లలతో ఆ కాగితం తెరిపించండి. కేవలం 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టవచ్చని, మన వీధి రోడ్డుకు ఎంత ఖర్చయిందో అడగవచ్చని చెప్పండి. అనుమానంతో ఆగిపోకుండా ఆధారం దాకా నడిచే దారి వాళ్ళకు తెలుస్తుంది.

తాతయ్యకు చెప్పేదెలా

ఇంట్లో ఎక్కువ ఫార్వర్డ్‌లు పంపేది తాతయ్యో, మేనత్తో కావచ్చు. కొత్తగా నేర్చిన పిల్లలు గ్రూపులో అందరి ముందూ ‘ఇది ఫేక్, మీకేం తెలీదు’ అని రాసేస్తారు. పెద్దాయన చిన్నబుచ్చుకుంటారు, ఆ తర్వాత నిజం చెప్పినా వినరు. విడిగా ఫోన్ చేసి, “తాతయ్యా, మీరు పంపింది చూశాను. ఎక్కడిదా అని వెతికితే ఇది దొరికింది, చూడండి” అని చెప్పమనండి. దొరికిన లింకు పంపమనండి. తాతయ్య చెప్పే పాత సంగతులు కూడా వినమనండి. 1995 సెప్టెంబరు 21న వినాయకుడు పాలు తాగుతున్నాడన్న వార్త ఒక్క పూటలో దేశమంతా ఎలా చేరిందో, గుళ్ళ ముందు ఎంత బారులు తీరారో ఆయనకు బాగా గుర్తుంటుంది. చెంచా అంచున పాలు తలతన్యత వల్ల రాతివైపు లాగబడి కిందికి జారిపోతాయని శాస్త్రవేత్తలు అప్పట్లో వివరించారు. వాట్సాప్ లేని రోజుల్లోనూ వదంతి ఉందని పిల్లలకు, ఇప్పుడు దాని వేగం ఎంత పెరిగిందో తాతయ్యకు అప్పుడు తెలిసివస్తుంది.

మన మాట తప్పయిన రోజున మనం ఏం చేస్తామన్నది పిల్లలు మరీ శ్రద్ధగా చూస్తారు. 2020 ఫిబ్రవరిలో కోడిమాంసం తింటే కరోనా వస్తుందన్న ప్రచారంతో చికెన్ ధరలు పడిపోయి కోళ్ళ రైతులు నిండా మునిగారు. ఆ భయం పోగొట్టడానికి తెలంగాణ మంత్రులు హైదరాబాద్‌లో వేదికెక్కి చికెన్ తినవలసి వచ్చింది. పంపిన లక్షలమందిలో ‘నేను పంపింది తప్పు’ అని మళ్ళీ రాసినవాళ్ళు కొందరైనా ఉంటే ఆ రైతులకు కొంత ఊరట ఉండేది. అబద్ధం పంపడానికి ఎంతసేపు పట్టిందో దిద్దుకోవడానికి కూడా అంతే సేపు పడుతుంది. తప్పు పంపితే అదే గ్రూపులో, అదే పేరుతో దిద్దుకోవాలి. ఇది ఇంటి నియమంగా పెట్టుకోండి. పిల్లలకు చెప్పే ముందు మీరు పాటించండి.

ఇంట్లోనే కాదు, బడిలోనూ ఇది నేర్పవచ్చు. కేరళలోని కన్నూరు జిల్లాలో 2018లోనే ‘సత్యమేవ జయతే’ పేరుతో ప్రభుత్వ పాఠశాలల్లో నకిలీ వార్తలను గుర్తుపట్టే పాఠాలు మొదలుపెట్టారు. మన పిల్లల బడుల్లోనూ ఇవి రావాలని తల్లిదండ్రుల సమావేశాల్లో అడగండి. ప్రధానోపాధ్యాయులకు రాసి ఇవ్వండి. అప్పటిదాకా ఆగనక్కర్లేదు. ఈ ఆదివారమే రెండు పత్రికలు తెప్పించి మీ పిల్లలతో కూర్చోండి. ఎవరు చెప్పారు, వాళ్ళకెలా తెలుసు, మిగతావాళ్ళు ఏమంటున్నారు అన్న మూడు ప్రశ్నలు మీ ఇంట్లో రోజువారీ మాటలు కావాలి. ఆ ప్రశ్నలతో పెరిగిన పిల్లలను ఏ పార్టీ గానీ, ఏ ఛానల్ గానీ తేలిగ్గా మోసం చేయలేవు. ఈ దేశానికి మనం ఇవ్వగలిగిన మంచి ఓటర్లు వాళ్ళే.